థ్రమ్‌కి ప్రాణం పోయాలి

3 ఫిబ్రవరి 2025, సోమవారం

ఇంగ్లీష్ మేడమ్ పోటీ పెట్టారు. డిక్షనరీలో ఆర్కాయిక్ అనో, రేర్ అనో రాసి ఉన్న మాట ఒకటి ఎంచుకోవాలి. కాలేజీతో సంబంధం లేని మనిషి ఎవరైనా దాన్ని మామూలు మాటల్లో, తమంతట తాము వాడాలి. అర్థం చెప్పొచ్చు, అనమని మాత్రం చెప్పకూడదు. అది రికార్డ్ చేసి శుక్రవారం సాయంత్రంలోగా పంపాలి. గెలిస్తే వడోదరలో స్టేట్ రౌండ్. నేను వెళ్లి తీరాలి.

నాకు ఓవర్‌మారో కావాలి. అంటే ఎల్లుండి. ఇంగ్లీషువాళ్లు ఎల్లుండిని ఎక్కడో పారేసుకున్నారు, పాపం. నేను చెయ్యెత్తేలోపే విజయశ్రీ లాగేసుకుంది. ఒకే గల్లీలో ఉంటాం, కొంచెమైనా మొహమాటం ఉండొద్దా?

అదే రోజు, సాయంత్రం 6

దొరికింది! థ్రమ్. నేసిన బట్ట కోసేశాక మగ్గం మీద మిగిలిపోయే పోగుల కొసలు. వాటికీ ఒక పేరుందట. బాపు మేముండే ఈ డిండోలిలోనే సాంచె నడుపుతాడు, అదే పవర్‌లూమ్. నన్ను మాత్రం కార్ఖానా గడప దాటనివ్వడు, నీకు చదువు చాలంటాడు. ఇంత మంచి మాట నాకు తప్ప ఎవరికి దక్కాలి? గంతులేస్తుంటే కింది ఇంటివాళ్లు తిడతారని అమ్మ కసిరింది.

4 ఫిబ్రవరి

అమ్మకు అర్థం చెప్పి, ఫోన్ ఆన్ చేసి పక్కనే కూర్చున్నాను. ఒక్కసారీ అనలేదు. వంకాయ కూరలో థ్రమ్ ఎందుకొస్తుంది.

5 ఫిబ్రవరి

చూపిస్తేనే మాట నోటికి వస్తుంది. అందుకని అమ్మ వద్దంటున్నా బాపు అన్నం డబ్బా నేనే పట్టుకెళ్లాను. అదృష్టమంటే నాదే. పోగులు చుట్టి ఉండే బీమ్ అయిపోయింది, బట్ట కోసేశారు, బాపు కొత్త బీమ్ తేవడానికి వెళ్లాడు. సాంచెకు పోగులు వేలాడుతున్నాయి. డిక్షనరీలో రాసినట్టే! మిగిలినవే కదా అని ముందు నుంచి గుప్పిట పట్టి లాగాను. సర్రున మొత్తం వచ్చేశాయి. జడలా అల్లి, రిబ్బన్ కట్టి, ఇవే థ్రమ్ అంటూ బాపుకు చూపించాను.

బాపు బీమ్ పక్కనే నేలమీద కూలబడ్డాడు.

సాయంత్రం

పక్క సాంచె నడిపే లింగం కాక చెప్పాడు. ఆ కొసలను ఎవరూ తీయరు. వాటికే కొత్త బీమ్ పోగులు ఒక్కొక్కటీ అతికి, ముందుకు లాగుతారు. అవి లేకుంటే వేల పోగులను తీగల కళ్లలోంచి, దువ్వెన లాంటి ఫణిలోంచి మళ్లీ మొదటి నుంచీ ఎక్కించాలి. శుక్రవారం సాయంత్రానికి సాంచె నడవకపోతే ఇంకొకరికి ఇస్తానన్నాడట కార్ఖానా సేఠ్.

బాపు తిట్టలేదు. “పాత పోగుంటే సాంచెకు పానం ఉన్నట్టు, బిడ్డా. నువ్వు పానమే గుంజినవ్” అన్నాడు.

ఇంతకంటే తిట్టినా బాగుండేది. చాలా ఏడ్చాను.

6 ఫిబ్రవరి

కాలేజీ ఎగ్గొట్టాను. సాంచె వెనక నేను కూర్చుని పోగు అందిస్తే, ముందు నుంచి బాపు కొక్కెంతో లాగుతున్నాడు. ఇద్దరుంటేనే అయ్యే పని. మధ్యాహ్నానికి చేతులు కుదిరాయి. తప్పు చేసినదాన్ని, ఇంత హుషారు ఎక్కడిదో! ఊరుకోలేక వెబ్‌స్టర్ అనే ఇంగ్లీషు మాట గురించి చెప్పాను. ఒకప్పుడు ఆ మాటకు నేసే ఆడమనిషి అని అర్థం. గట్లయితే ఇయ్యాల నువ్వే అన్నాడు బాపు. పోగుల అవతల మొహం కనిపించలేదు గానీ నవ్వుతున్నాడని తెలిసింది.

7 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3

సగానికి పైగా అయింది. బాపు ఆగి, మెల్లగా అడిగాడు. “నీ పోటీ ఇయ్యాల్నే కదా? గా మాటేందో మళ్ల చెప్పు, నేనంటా. రికార్డు జేస్కో.”

అడిగి అనిపించుకుంటే చెల్లదు బాపూ అన్నాను. ఇంకో పోగు అందించాను.

5:40

సాంచె నడిచింది!! ఆ చప్పుడులో నేను అరిచింది నాకే వినపడలేదు. పోటీకి ఏమీ పంపలేదు.

10 ఫిబ్రవరి

విజయశ్రీ గెలిచింది. కూరగాయలమ్మే ఆమె ఓవర్‌మారో మెంతికూర తెస్తానందట. కుళ్లుకున్నాను. తర్వాత వాళ్లింటికి వెళ్లి స్వీట్ తిన్నాను.

17 ఫిబ్రవరి

డబ్బా ఇవ్వడానికి వెళ్లాను. ఇప్పుడు నన్నెవరూ ఆపడం లేదు. బాపు సాంచెకు మళ్లీ బీమ్ అయిపోయింది. నన్ను చూడకుండానే లింగం కాకతో అంటున్నాడు. “థ్రమ్ జర పైలం, లింగం.”

“ఏ సాంచె థ్రమ్, అన్నా?” అన్నాడు లింగం కాక.

ఫోన్ నా చేతిలోనే ఉంది. ఆన్ చేయలేదు.