నిద్ర పరీక్షలో గిల్లిన వేలు

చెల్లీ,
రాత్రి నిద్ర పరీక్ష అయిపోయింది, నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. సూది లేదు, నొప్పి లేదు. తలకీ గడ్డానికీ కాళ్లకీ జిగురుతో వైర్లు అంటించి, పొట్ట చుట్టూ పట్టీ కట్టి, వేలికో క్లిప్పు పెట్టి, "ఇంక ఇంట్లోలాగే పడుకోండమ్మా" అంది నర్సు. పెళ్లినాడు కూడా నాకింత అలంకారం జరగలేదు! లైటు తీసేశాక గది మెల్లగా నీళ్లలో తేలినట్టయింది, వైర్లు నాచులా ఊగాయి, ఎప్పుడు మునిగానో తెలీదు. చిన్నప్పటి మన ఇరుకు మంచం మీద తేలాను. నేను గురక పెట్టినప్పుడల్లా నువ్వు నా కాలి బొటనవేలు గిల్లుతున్నావు.

రాత్రంతా పక్కగదిలో నన్ను తెరమీద చూస్తూ కూర్చున్న నర్సు పొద్దున నవ్వింది. "ఊపిరి ఆగినప్పుడల్లా 'తిరిగాన్లేవే' అంటూ పక్కకి ఒత్తిగిల్లారు. ఎవరితోనమ్మా?"

"మా చెల్లెలితో" అన్నాను.

ముక్కుకి తగిలించుకునే గాలి మిషన్ ఇస్తారట. జుట్టుకి జిగురు వదల్లేదు, ఏం రాయాలో చెప్పు. వంటింటి కుళాయి బాగు చేయించావా? మరిదిగారికి ఇంకా రాత్రి డ్యూటీలేనా? నువ్వూ ఈమధ్య గోడలదిరేలా గురక పెడుతున్నావనీ, పగలు కూర్చున్నచోటే తూగుతున్నావనీ మీ అమ్మాయి చెప్పింది. వెంటనే ఈ పరీక్షకి పేరు రాయించుకో, తోడు నేనొస్తాను. అమ్మాయికి ముద్దులు, మరిదిగారికి నమస్కారాలు. కార్డులో చోటు అయిపోయింది. ఇన్నేళ్లూ నిద్రలో నా వేలు నువ్వు గిల్లావు, మరి నీ వేలు గిల్లేదెవరే?

అక్క