అమ్మ నోటి మీద నవ్వు

జగ్గయ్యపేట, 1962
శనివారం రాత్రి

నందిగామ బొమ్మల ప్రదర్శనలో పెట్టిన, నేను వేసిన అమ్మ బొమ్మను నన్నడక్కుండానే దిద్దేశారు. తమ్ముడు పోయిన రోజు నేను ఊళ్ళో లేను. అమ్మ ఎలా ఏడ్చి ఉంటుందో ఊహించుకుని, నోరు తెరిచి గుండెలవిసేలా ఏడుస్తున్నట్టు వేశాను. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే ఆ నోటి మీద ఇంకా ఆరని రంగుతో ఒక చిరునవ్వు!

ప్రదర్శన కార్యదర్శి ఏమీ దాచలేదు. "పెద్దవాళ్ళొస్తారు గదండీ. ఆడమనిషి అట్లా నోరు తెరిస్తే చూట్టానికి బాగోదని మేమే దిద్దించాం. మీరే డ్రాయింగు టీచరు, మీకు తెలీందేముంది?" అన్నాడు.

"ఆవిడ మా అమ్మండీ! కొడుకు శవం ముందు నవ్వుద్దా?" అని అరిచాను. అందరూ నావైపే చూశారు. చూడనీ. బొమ్మ దింపుకుని బస్సెక్కాను.

ఇంటికొచ్చి కిరసనాయిలు గుడ్డతో ఆ నవ్వు తుడవబోతుంటే అమ్మ వచ్చింది. ఆ బొమ్మను తనకెప్పుడూ చూపించలేదు.

"ఇది నేనేనటే?" అంది. జరిగిందంతా చెప్పాను.

"తుడిచెయ్యవే. ఆ రోజు నన్నసలు ఏడవనిచ్చారా? పదిమందిలో అల్లరేంటని మీ నాన్న నా నోరు నొక్కేశాడు" అంది.

ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదు. నాన్న అంత పని చేశాడనుకోలేదు. కసిగా తుడిచాను. పైరంగు ఊడి, కింద ఏడుపు బయటపడింది.

అమ్మ దాని ముందు కూలబడి గట్టిగా ఏడుస్తోంది. "ఏంటా గోల?" అని నాన్న వసారాలోంచి కేకేశాడు. లేచి తలుపు గడియ పెట్టాను. తడుతున్నాడు. తట్టనీ.