జపాను హోటల్లో విందు

హమద్ టౌన్, బహ్రెయిన్
9-1-1996

పిన్నీ,

నీ కూతురు సాయికుమారి ఈపాటికి ఇంటికి చేరి ఉంటుంది. ఎందుకు పంపేశారో దానికి తెలియదు. నీకు నేను చెప్పాలి.

చెల్లెలు తోడుంటుందని మేడంను బతిమాలి, నేను చేసే ఇంట్లోనే దాన్ని పనికి పెట్టించింది నేనే. కొత్త సంవత్సరం రోజు మేడం వాళ్లు జపాను హోటల్లో పండగ విందుకు బయల్దేరారు. నాలుగేళ్లుగా నేను పెంచుతున్న వాళ్ల పాప మరియం, "కుమారి వస్తేనే వస్తాను" అని మొండికేసింది. కుమారిని కూడా తీసుకెళ్లారు. నేను ఇస్త్రీ బట్టల ముందు కూర్చున్నాను.

తిరిగొచ్చాక దానికి ఒకటే సంబరం. "మనం ఏదీ అడగక్కర్లేదక్కా, హోటలోళ్లే వరసగా తొమ్మిది రకాలు తెచ్చారు. పచ్చి చేప కూడా తిన్నాను! పుల్లలతో ఎలా తినాలో మరియమే నేర్పింది" అంది. పిండిలో వేయించిన రొయ్య ఒకటి నాకోసం కాగితంలో చుట్టి తెచ్చింది. మరియం దాని భుజం మీదే నిద్రపోయి ఉంది. "ఆకలి లేదు" అని ఆ రొయ్యను దాని ముందే చెత్తబుట్టలో పడేశాను.

మర్నాడు మేడంతో, "కుమారి ఇంటి మీద బెంగతో ఏడుస్తోంది, పంపించెయ్యండి" అన్నాను. అది ఒక్కసారి కూడా ఏడవలేదు పిన్నీ.

టికెట్టు చేతికిచ్చిన రోజు, "నేనేం తప్పు చేశానక్కా?" అని నన్నే అడిగింది. నేను తల వంచుకుని దాని పెట్టె సర్దాను.

ఈ ఉత్తరం దానికి చదివి వినిపించు. మరియం మూడు రోజులుగా నేను పెట్టిన అన్నం ముట్టడం లేదు.

నీ అక్క కూతురు