మిగతాది మావాళ్ళు చూసుకుంటారు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. మీ బావ బాగున్నారు, నేను బాగున్నాను, మీ బావ నడుంనొప్పి మా ఇద్దరికన్నా బాగుంది. పోర్టులో క్రేను మీద పని కుదురుకుందని, జ్వరం తగ్గిందని రాశావు. సంతోషం. తడి బట్టలతో పడుకోకు.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. మీ బావ సిగరెట్టు మానలేదు, నా ముందు తాగడం మానేశారు. పెట్టెలో నీ జెర్సీ భద్రంగా ఉంది. మొన్న ఎండలో వేసి మళ్ళీ మడిచి పెట్టాను. ఇంటద్దె పెంచలేదు. నాలుగో ప్రశ్నకు జవాబు చివర రాస్తాను. దాన్ని ఫోనులో అడగొద్దు, కాగితం మీదే అడుగు అని మీ డ్రమ్ము అన్న చెప్పాడని రాశావు కదా. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

మీ డ్రమ్ము అన్న ఇంటికి వచ్చాడు. వెంట ఇద్దరు. స్టేడియంలో మీ అభిమానుల గుంపు ముందు నిలబడి డ్రమ్ము వాయించే మనిషి కదా, గొంతు పెద్దదిగా ఉంటుందనుకున్నాను. చాలా మెల్లగా మాట్లాడతాడు. చెప్పులు బయట విడిచి, వరసలో సర్ది మరీ లోపలికి వచ్చాడు. "చెల్లెమ్మా, తమ్ముడు మీ గురించి చెప్పాడు. ఆ హోటల్లోనే, ఆ నాలుగో అంతస్తులోనే మీ పని అట కదా" అన్నాడు. నువ్వు గొప్పగా చెప్పుకుని ఉంటావు. మా అక్క అక్కడే గదులు సర్దుతుంది, మన పని ఇట్టే అయిపోతుంది అని. నీ నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ ఊరికే అనేది కాదు.

మీ బావ ఇంట్లోనే ఉన్నారు. ఆయన అవతలి జట్టు అభిమాని అని తెలుసుగా. ఇక చూసుకో.

"మీ తొమ్మిదో నంబరు వాడు ఆడపిల్ల చెయ్యి తలుపులో పెట్టి నలిపాడు. అలాంటివాడికి జేజేలు కొడతారా?" అన్నారు ఈయన.

"మీ పదో నంబరు తాగి కారు నడిపి పాలవాణ్ణి గుద్దేసి పోయాడు బావగారూ. ఆ రాత్రి ఆగాడా? కనీసం దిగాడా?"

"వాడు పాలవాడికి ఆస్పత్రి ఖర్చు ఇచ్చాడు."

"మావాడు అసలు తప్పే చెయ్యలేదు. తలుపు గాలికి పడింది."

గంటసేపు ఇదే. కాకిపిల్ల కాకికి ముద్దు. ఒకడి తప్పు తీస్తే ఇంకొకడి తప్పు ఎదురు పెట్టడం, అక్కడికి లెక్క సరిపోయినట్టు నవ్వుకోవడం. మీ బావ కూడా నవ్వారు. ఆ గంటలో ఆ పిల్ల చెయ్యి ఇప్పుడెలా ఉందని ఒక్కరూ అనలేదు. ఆ పాలవాడు మళ్ళీ సైకిలెక్కాడా లేదా అని కూడా ఎవరూ అడగలేదు. నేను టీ కప్పులు తీస్తూ నిలబడ్డాను.

వెళ్ళేటప్పుడు మీ డ్రమ్ము అన్న మా వీధి తలుపు దగ్గర ఆగాడు. "గడియ వదులైంది చెల్లెమ్మా, రోజులు బాగాలేవు" అన్నాడు. మర్నాడు మీ బావ పనికి వెళ్ళాక స్క్రూడ్రైవరు తెచ్చి తనే బిగించి వెళ్ళాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ గడియ బయటి నుంచి ఎలా తీయవచ్చో ఇప్పుడు ఆయనకు నాకన్నా బాగా తెలుసు. రాత్రిళ్ళు దానికి కుర్చీ అడ్డం పెట్టి పడుకుంటున్నాను. మీ బావ నవ్వేవారు. ఇప్పుడు నవ్వడం లేదు.

గడియ బిగిస్తూనే అడిగాడు. "కోర్టులో సాక్ష్యం చెప్పింది ఆ పొడుగావిడేనా? ఆ రోజు ఆవిడ సెలవు పెట్టిందట." పొడుగావిడంటే నీకు తెలుసు. నాతోపాటు గదులు సర్దే ఆవిడ, ఒకసారి హోటలుకు నన్ను చూడటానికి వచ్చినప్పుడు నీ చొక్కాకు గుండీ కుట్టిచ్చింది. ఆ రోజు ఆవిడ పన్ను పీకించుకోవడానికి వెళ్ళింది. ఆ మాటే చెప్పాను. ఆయన మరలు తిప్పడం ఆపలేదు. "మీరు చెప్పకపోతే ఆవిడే అనుకుంటాం చెల్లెమ్మా" అన్నాడు.

మొన్న ఆవిడ కిటికీ అద్దం ఎవరో పగలగొట్టారు. రాయికి మీ జట్టు రంగు రిబ్బను చుట్టి ఉందట. పిల్లలెవరో ఆడుకుంటూ విసిరి ఉంటారని ఆవిడ నాతో అంది. చీపురుతో గాజుముక్కలు ఊడుస్తూ నా మొహం వైపు చూడలేదు. నా వల్లే ఆవిడకు ఈ గతి పట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవలేకపోయాను.

ఇక నీ నాలుగో ప్రశ్న. "ఆ మనిషి ఎవరో కనుక్కో అక్కా. పేరు చెబితే చాలు, మిగతాది మావాళ్ళు చూసుకుంటారు" అని రాశావు. ఆ మనిషిని నేనే తమ్ముడూ.

ఆ రోజు మీవాళ్ళు ఓడిపోయి హోటలుకు వచ్చారు. నేను తువ్వాళ్ళ బండితో వరండా చివర ఉన్నాను. ఇస్త్రీ చేసే పిల్ల మీ తొమ్మిదో నంబరు అతని చొక్కా తెచ్చి ఇచ్చింది. కాలరు మీద మడత పడిందని అతను చొక్కా ఆమె మొహాన కొట్టాడు. ఆ పిల్ల, సార్, మళ్ళీ చేసి తెస్తానని ద్వారబంధం మీద చెయ్యి వేసింది. అతను తలుపు వేశాడు. ఆ పిల్ల అరిచింది. ఒకసారే అయితే చూసుకోలేదనుకుందును, కోపంలో పొరపాటు అనుకుందును. అతను తలుపు తెరిచి, ఆ చేతివైపు చూసి, మళ్ళీ వేశాడు. ఆ వరండాలో ఒక్క కిటికీ లేదు. గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇప్పుడు ఆ పిల్ల ఇస్త్రీపెట్టె పట్టుకోలేకపోతోంది. అన్నం ఎడమచేత్తో తింటోంది.

నా వారం సెలవు రోజున కోర్టుకు వెళ్ళాను కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నా పేరు బయటికి రానివ్వబోమని కోర్టువాళ్ళు చెప్పారు. నీకు కూడా చెప్పలేదు. అతని బొమ్మ గోడకు అంటించుకుని పెరిగినవాడివి, నీ మనసు విరిగిపోతుందని ఆగాను. నీ ఉత్తరం వచ్చాక ఆగింది అందుకు కాదు. నిన్ను చూసి భయపడ్డాను. నా చేత్తో అన్నం తినిపించినవాణ్ణి చూసి భయపడటం ఎలా ఉంటుందో నీకు తెలియదు, తెలియకూడదు కూడా.

పోలీసాయనకు ఫోను చేశాను. ఏదైనా జరిగితే చెప్పమ్మా, వెంటనే వస్తాం అన్నాడు. మీ బావకు చెప్పాను. ఆయన తన జట్టు అభిమానులను పదిమందిని వీధిలో కాపలా పెడతానన్నారు. వద్దన్నాను. ఆ పదిమందికీ కావలసింది నన్ను కాపాడటం కాదు, మీవాళ్ళ మీద ఇంకో గెలుపు. ఆ రెండు గుంపులూ మా గుమ్మం ముందు కలిస్తే ఏమవుతుందో నువ్వే ఊహించుకో.

ఆదివారం ఆట. ఆట కాగానే పేరు కోసం వస్తామని మీ డ్రమ్ము అన్న చెప్పి వెళ్ళాడు. తెలియదంటే నేరుగా పొడుగావిడ ఇంటికి పోతారు. అందుకని నా పేరే చెబుతాను. మీ బావ పక్కనే ఉంటానన్నారు. నడుంనొప్పి మనిషి, ఎంతసేపు నిలబడగలరో తెలియదు.

ఈ ఉత్తరం నీకు శుక్రవారానికి అందుతుంది. శనివారం ఒక రోజు మిగులుతుంది. రూములో నలుగురి ముందు చదవకు. నాకోసం ఏదైనా చెయ్యమని అడగను. నువ్వు రాసిన మాటలో ఒకటి నాకు అర్థం కాలేదు, దానికి జవాబు చెప్పు చాలు. కాగితం మీద కాదు, ఫోను చేసి, నీ నోటితో చెప్పు. ఎవరు విన్నా పరవాలేదు.

పేరు తెలిసింది కదా. మిగతాది అంటే ఏమిటి తమ్ముడూ?

ఇట్లు,
నువ్వు వెతకమన్న మనిషి,
నీ అక్క