బావగారి నెత్తిమీది పట్టీ

అల్లవరం

మహా మేధావులైన బావగారికి,

మీరు ఫోనెత్తడం మానేసేరు కనుక కాగితం పాడుచేస్తున్నాను. రొయ్యల చెరువు గట్టున మా పనివాళ్ళ టోపీల్లోంచి చెమట కారి కళ్ళల్లో పడుతోందని, టోపీ లోపలికి నేనొక పట్టీ చేసేను. ఒక్కరోజు చూసి ఇచ్చేస్తానని మీరు అమలాపురం పట్టుకెళ్ళేరు. ఇప్పుడది మీ కాలేజీ ప్రదర్శనలో మీ పేరున వెలిసింది! పేపర్లో ఫోటో చూసేను. దాన్ని తలకి చుట్టుకుని ఏం నవ్వేరండీ!

తల కొలతని బట్టి బిగించుకునే ఆ హుక్కులు మీ చెల్లెలి పాత రవికెవి. గాలాడే చిల్లులు నేను ఊచ కాల్చి పొడిచినవి. ఇక పేపరు వాళ్ళతో మీరు "ప్రత్యేకమైన మెత్తటి రబ్బరు" అన్నారే, అదేమిటో ఫోటో చూడగానే మీ చెల్లెలు పోల్చేసింది. "అయ్యో, మా అన్నయ్య నెత్తిన మీ హవాయి చెప్పుందండీ!" అని నవ్వలేక చచ్చింది. ఆరేళ్ళు తొడిగేను దాన్ని. ఎడమకాలిది.

శనివారం బహుమతులిచ్చే పెద్దలు రబ్బరు సంగతి అడక్కపోరు. ఆలోపు ప్రదర్శనలో పట్టీ పక్కనున్న అట్ట మీద నా పేరు రాయించండి, నోరు మెదపను. లేదంటే రుజువుకి కుడికాలిది సంచిలో వేసుకుని నేనే వస్తాను.

ఇట్లు,
మీ చెల్లెలి మొగుడు