కెనరీ దీవుల బస్సు

గురువారం రాత్రి, జనగామ

తమ్ముడు ఖాజాకు కెనరీ దీవుల్లో హోటల్ పని ఇప్పిస్తానన్న ఏజెంటు ఈరోజు పాస్‌పోర్టు కోసం ఇంటికొచ్చాడు. తనూ అక్కడే కొన్నేళ్లు పనిచేశాడట. బడిలో భూగోళం చెప్పేదాన్ని కదా, ఆ పేరెలా వచ్చిందని అడిగాను.

"కెనరీ పిట్టలున్నయ్ కదక్కా, వాటి పేరే."

నిజానికి దీవుల పేరే పిట్టలకు వచ్చింది. దీవులకేమో లాటిన్‌లో కుక్క అనే మాట నుంచి వచ్చిందంటారు. చాలామంది పొరబడేదేలే అని ఊరుకున్నాను.

"ఒక దీవికెల్లి ఇంకోదానికి ఎట్ల పోయేటోళ్లు?"

"బస్సులనే అక్కా. జర దూరం, గంతే."

ఆ దీవుల మధ్య సముద్రమే తప్ప రోడ్డు లేదు. పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేశాను.

"నా ఇజ్జత్ తీసినవ్ ఆపా," అని ఖాజా అన్నం ముట్టలేదు. ఇప్పుడు పక్కగదిలో ఎవరితోనో ఫోన్‌లో గుసగుసలాడుతున్నాడు. నేను గుమ్మం దగ్గరికి వెళ్లగానే మాట ఆగిపోయింది.