తలమీద చేతులు రేపు ఉంచండి

ఏమండీ,

మీరు షిఫ్టు దిగి వచ్చేసరికి నేను తమ్ముడి కారులో వైజాగ్ దారిలో ఉంటాను, సాయంత్రానికి తిరిగొచ్చేస్తాను. అన్నం, చారు పొయ్యి గట్టు మీద ఉన్నాయి.

ముందు పాస్టరమ్మగారికి ఫోన్ చేసి, మనింట్లో ఈ సాయంత్రం పెట్టిన ప్రార్థన కూటం రేపటికి మార్చమనండి. స్కానింగుకి నాకు రేడియేషన్ ఉన్న మందు ఎక్కిస్తారు. లోపల ఎక్కడో నక్కిందని డాక్టరుగారు అనుమానిస్తున్న అరుదైన గడ్డకి అది అంటుకుని స్కానులో వెలుగుతుందట. ఇవాళంతా గర్భిణులకీ పసిపిల్లలకీ దూరంగా ఉండమన్నారు. మీరేమో చంటిపిల్లల తల్లులందరినీ నా తలమీద చేతులుంచి ప్రార్థించడానికి పిలిచారు. కోడలు శాలోమికి ఐదో నెల. ఈ పూటకి వాళ్ల అమ్మగారింటికి పంపండి.

నాలుగేళ్లుగా ముఖం ఎర్రగా కాలిపోతూ, విరేచనాలతో నేను చిక్కిపోతుంటే మీరు "అది గేసేనే, ఓ సోడా తాగియ్యి" అన్నారు. మీ అక్క వరమ్మ వదిన "ఈ వయసులో ఆడోళ్లకి అంతేనే, ఏటీ అవదు" అంది. ఆ మందుకి మనతో చుట్టరికం లేదు. ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది.

గ్లోరియా

మర్చిపోయాను. పెద్దవాళ్లు పక్కన కూర్చుంటే ఏమీ కాదని డాక్టరుగారు చెప్పారు. నేనే రెండుసార్లు అడిగాను. ఈ పూటకి మీ చేతులు చాలు. సోడా మాత్రం తేవద్దు.